వస్త్రములలో నిలిచిన స్మృతులు

కూడు, గుడ్డ, గూడు అను మూడును మానవునకు ముఖ్యావసరములు. వీనిలో కూడు ఆకలిని తీర్చును. గూడు ఎండవానలనుండి కాపాడును. గుడ్డ మాత్రము ఒడలిని కప్పుటతో ఆగదు; తన్ను ధరించినవారిని గూర్చి నలుగురికి ఏదో ఒకటి చెప్పుచునే యుండును. ఒక స్త్రీ కట్టిన చీర అంచును, కట్టు తీరును, కొంగు వేసికొనిన విధమును చూచి, ఆమె ఏ సీమనుండి వచ్చినదో, ఏ పనికి పోవుచున్నదో మన పెద్దలు ఇట్టే చెప్పగలిగెడివారు. పొలములో నాట్లు వేయు స్త్రీ చీరను ఎగగట్టి గోచి పోసికొనును. పెండ్లికి పోవు స్త్రీ పట్టుచీర కుచ్చిళ్లను పాదములపై జారవిడుచును. మనుష్యుడు నోరు విప్పకముందే వస్త్రము మాటాడును.

ఈ సత్యమును మన పూర్వులు చక్కగా గుర్తించిరి. భరతముని నాట్యశాస్త్రమున అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పబడినది. అవయవముల కదలిక ఆంగికము. మాట, పాట వాచికము. మనస్సులోని భావము కన్నీరుగను, గగుర్పాటుగను వెలువడుట సాత్త్వికము. ఇక వేషము, భూషణములు, రంగు పూతలు ఇవన్నియు ఆహార్యము. తెలంగాణమునందలి చిందు భాగవతులు కిరీటము, భుజకీర్తులు ధరించి రంగమునకు రాగానే, పాట మొదలుకాకముందే, ప్రేక్షకులు వచ్చినవాడు రాజో, మంత్రియో గుర్తింతురు. అది ఆహార్యము యొక్క మహిమ.

చలనచిత్రములు వచ్చిన పిమ్మట ఈ ఆహార్యమును కూర్చుట ఒక ప్రత్యేక వృత్తి అయ్యెను. అట్టి వృత్తిని చేపట్టి, ఏబది సంవత్సరములు పేరుగాంచిన నటీమణుల నెందరినో అలంకరించి, తన స్మృతులను గ్రంథరూపమున భద్రపరచిన విదుషీమణి భాను అథయ్యా. ఆస్కార్ పురస్కారమును పొందిన మొట్టమొదటి భారతీయురాలు ఆమెయే.

భాను 1929వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన మహారాష్ట్ర దేశమందలి కొల్హాపురమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు భానుమతి. తండ్రి అన్నాసాహెబ్ రాజోపాధ్యే చిత్రకారుడు; ఛాయాచిత్రములు తీయుటయందును నేర్పరి. చిత్రరంగమున తొలితరమువాడైన బాబూరావు పెయింటరుతో ఆయనకు పని సంబంధముండెను. ఆ యింటిలో కుంచెలు, రంగులు, చిత్రపటములు పిల్లలకు ఆటవస్తువులవలె నుండెడివి. భాను తండ్రి ప్రక్కన కూర్చుండి గీతలు గీయ నేర్చెను. కాని ఆమె చిన్నతనముననే తండ్రి మరణించెను. ఏడుగురు పిల్లలను పెంచు భారము తల్లి శాంతాబాయిపై పడెను. భర్త లేడను కారణమున ఆ తల్లి కుమార్తె విద్యను మాన్పింపలేదు.

భాను బొంబాయి చేరి, ప్రసిద్ధమైన జె. జె. కళాశాలలో చిత్రకళ నభ్యసించి, 1951లో స్వర్ణపతకమును పొందెను. ఆ కాలమున బొంబాయిలో కొందరు యువ చిత్రకారులు ప్రగతిశీల కళాకారుల సంఘముగా ఏర్పడి క్రొత్త పుంతలు త్రొక్కుచుండిరి. 1953లో ఆ సంఘమువారి ప్రదర్శనములో భాను చిత్రములును చోటు చేసికొనెను. ఆ పురుషుల నడుమ స్త్రీ ఆమె యొక్కతెయే. ఆ మార్గముననే నడచియున్నచో ఆమె గొప్ప చిత్రకారిణిగా పేరు పొందియుండెడిదేమో. అయితే ఇల్లు గడుపుకొనుటకు సంపాదన కావలసియుండెను. అందుచే ఆమె స్త్రీల పత్రికలకు దుస్తుల చిత్రములు గీయసాగెను. ఆ పత్రికలలో నొకటియైన ఈవ్స్ వీక్లీ సంపాదకురాలు దుస్తుల దుకాణము తెరచి, కాగితముపై గీయుదానిని గుడ్డపై చూపుమని ఆమెను కోరెను. అంతవరకు కుంచె పట్టిన చేయి కత్తెర పట్టెను.

ఆ దుకాణమునకు నటీమణులు రాజొచ్చిరి. 1953 ప్రాంతమున కామినీ కౌశల్ తన చిత్రములకు దుస్తులు రూపొందింపుమని భానును కోరెను. పిమ్మట నర్గీస్ ఆమె నేర్పును చూచి, దర్శకుడును నటుడును అగు రాజ్ కపూరునకు పరిచయము చేసెను. 1955లో వెలువడిన శ్రీ 420 చిత్రమున నాదిరా అను నటి ధరించిన మెరుపు గౌను భాను కల్పనయే. ఆ చిత్రమున నర్గీస్ ధరించినవి బడిపంతులమ్మ కట్టుకొను సాదా చీరలు. నాదిరా ధరించినది ధనమదమును చాటు వేషము. కథానాయకుడు ఏ త్రోవను విడిచి ఏ త్రోవకు మరలుచున్నాడో, మాటలు రానివానికిని ఆ రెండు వేషములే చెప్పగలవు.

ఈ పని ఎట్లు జరుగునో తెలిసికొనుట అవసరము. మంచి వస్త్రాలంకర్త మొదట గుడ్డను చూడదు, కథను చదువును. ఈ పాత్ర ఏ కాలమునాటిది? ఏ ఊరిది? సంపన్నురాలా, పేదరాలా? ఉదయము లేచి ఏ పని చేయును? దుఃఖములో నున్నప్పుడు కొంగును ఎట్లు కప్పుకొనును? ఇట్టి ప్రశ్నలకు సమాధానము చిక్కిన పిమ్మటనే చిత్రము గీయును. తరువాత దానికి తగిన వస్త్రమును వెదకి, కొలతలు తీసి, కుట్టువాని యొద్ద కూర్చుండి కుట్టించును. ఆ దుస్తులు తొడిగికొని నటి నడిచి, కూర్చుండి, వంగి చూపవలెను. పట్టివేయుచోట విప్పి, వదులగుచోట బిగింతురు.

నలుపు తెలుపు చిత్రముల కాలమున ఇంకొక చిక్కుండెను. ఎరుపు, పచ్చ అను రెండు రంగులు కంటికి ఎంతయో భిన్నములు. ఛాయాచిత్రమున రెండును ఒకే బూడిదవన్నెగా కనబడవచ్చును. ఎరుపు చీరపై పచ్చ అంచు వేసి మురిసిపోయినచో, తెరపై అంచే కనబడకపోవును. కావున రంగును రంగుగా కాక వెలుగునీడలుగా చూడ నేర్వవలెను. చిత్రకళ నేర్చిన భానుకు ఈ చూపు సులభముగా అలవడెను.

ఆమె అలంకరించిన నటీమణులలో మన తెలుగువారికి సన్నిహితురాలు వహీదా రెహమాన్. 1955లో తాపీ చాణక్య దర్శకత్వమున వెలువడిన రోజులు మారాయి అను తెలుగు చిత్రమున ఆమె చేసిన ఏరువాక నృత్యము ఊరూర జనులను ఆకర్షించెను. హైదరాబాదునకు వచ్చిన గురుదత్ ఆమెకు లభించుచున్న జనాదరణమును గమనించి, బొంబాయికి ఆహ్వానించెను. ఆ విధముగా 1956లో వెలువడిన సి. ఐ. డి. ఆమెకు తొలి హిందీ చిత్రమయ్యెను. దానికి వస్త్రములు కూర్చినది భానుయే. అప్పటికి వహీదా ఇంకను ఇరువది యేండ్లు నిండని బాలిక. ఆయినను ఒప్పందముపై చేవ్రాలు చేయునప్పుడు, తనకు నచ్చని దుస్తులను ధరింపనని ఆ పత్రమునందే వ్రాయించుకొనెను. క్రొత్తగా వచ్చిన పిల్ల ఇట్టి నియమము పెట్టుట అక్కడివారికి వింతగా తోచెను. కాని ఆమె పట్టు విడువలేదు. వేషము వలన కీర్తి రావచ్చును. ఆ కీర్తికొరకు మర్యాదను వదలుకొనవలసిన పని లేదని ఆ బాలిక అందరికిని తెలియజేసెను.

ఆ తరువాత వహీదా నటించిన చౌధవీఁ కా చాంద్ (1960), సాహెబ్ బీబీ ఔర్ గులామ్ (1962), గైడ్ (1965) చిత్రములకును భాను పని చేసెను. వీనిలో మొదటిది లక్నో నగరపు ముస్లిం కుటుంబముల కథ. రెండవది క్షీణించుచున్న వంగదేశపు జమీందారీ కథ. మూడవది నృత్యముకొరకు ఇల్లు విడిచిన స్త్రీ కథ. ఒకే నటి మూడు లోకములలో మెలగవలెను. సాహెబ్ బీబీ ఔర్ గులామ్‌లో మీనాకుమారి ధరించిన చిన్నకోడలి పాత్ర మిక్కిలి ప్రసిద్ధము. నిండుగా నగలు దిగవేసికొని, వెలగల చీర కట్టుకొని, భర్త రాకకై ఎదురుచూచు ఆ స్త్రీని చూచినప్పుడు మనకు కలుగునది అసూయ కాదు, జాలి. అలంకారమును దుఃఖసూచకముగా మలచుట సామాన్యమైన పని కాదు.

1966లో వెలువడిన ఆమ్రపాలి చిత్రము భానుకు వేరొక పరీక్ష పెట్టెను. ఆమ్రపాలి వైశాలీ నగరమందలి రాజనర్తకి. తుదకు బుద్ధ భగవానుని శరణు జొచ్చిన పుణ్యాత్మురాలు. ఆ పాత్రను వైజయంతిమాల ధరించెను. రెండున్నర వేల సంవత్సరముల నాటి స్త్రీలు ఏమి కట్టుకొనిరో ఎవరు చూచిరి? ఊహించి కుట్టించినచో అది నాటకపు వేషమగును. అందుచే భాను అజంతా గుహలకు పోయి, గోడలపై నున్న స్త్రీమూర్తుల కట్టును, కేశబంధములను, హారములను పరిశీలించెను. వానిని ఆధారముగా గొని ఆమె కూర్చిన వేషములు పిమ్మట పౌరాణిక, చారిత్రక చిత్రములకు ఒరవడి అయ్యెను. ఆ చిత్రము ధనమును ఆర్జింపలేదు గాని, ఆస్కార్ పోటీకి భారతదేశమునుండి పంపబడెను.

ఇచట తెలంగాణము వారు స్మరింపదగిన విషయ మొకటి కలదు. అజంతా గుహలు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండెను. 1920 ప్రాంతమున నిజాం ప్రభుత్వము ఇటలీ దేశపు నిపుణులను రప్పించి ఆ చిత్రములకు సంరక్షణ చేయించెను. ఎన్నడో ఎవరో కాపాడిన గోడబొమ్మలే తరువాతి కాలమున ఒక కళాకారిణికి పాఠ్యపుస్తకములయ్యెను.

తెరపై మెరసిన వేషము వీథిలోనికి దిగివచ్చుట సహజము. 1965లో వక్త్ అను చిత్రమున సాధన ధరించిన బిగుతైన చుడీదారు, చేతులు లేని కుర్తా దేశమంతట యువతులకు మోజు పుట్టించెను. 1968లో బ్రహ్మచారి చిత్రమున ముంతాజ్ నారింజ రంగు చీరతో వేగముగా నృత్యము చేయవలసి వచ్చెను. సామాన్యముగా కట్టిన చీర అట్టి గంతులకు నిలువదు. అందుచే భాను చీర మడతలను ముందుగనే కుట్టించి, తొడిగికొనుటకు అనువుగా అమర్చెను. చీర జారలేదు, నృత్యము చెడలేదు. ఆ కట్టుకు జనులు ముంతాజ్ చీర అని పేరే పెట్టిరి. సొగసు వెనుక ఇట్టి ఉపాయము, లెక్క ఉండునని చూచువారికి తెలియదు.

ఇన్ని మెరుపు దుస్తులు కూర్చిన భానుకు ప్రపంచఖ్యాతిని తెచ్చినది ముతక ఖద్దరు. ఇంగ్లండు దేశపు దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో మహాత్ముని జీవితమును గాంధీ అను పేర చిత్రముగా తీసెను. ఆ చిత్రము 1982లో వెలువడెను. ఆంగ్లేయులగు జాన్ మొలోతో కలసి భాను దానికి వస్త్రములు కూర్చెను. బారిష్టరుగా సూటు, బూటు ధరించిన యువకుడు తుదకు కొల్లాయి కట్టిన మహాత్ముడగువరకు గల అర్ధశతాబ్ది చరిత్ర ఆ కథలో నున్నది. గాంధీజీ 1921 సెప్టెంబరులో మదురైలో కొల్లాయి ధరించుట కారంభించెను. పేదలకు ఒంటినిండ గుడ్డ లేని దేశమున తనకు మాత్రమేల అని ఆయన భావము. కావున ఆ చిత్రమున వస్త్రము కథకు అలంకారము కాదు, వస్త్రమే కథ.

కస్తూరిబా పాత్రను రోహిణీ హట్టంగడి ధరించెను. లోకమెరిగిన స్త్రీలలో కస్తూరిబా వంటివారు అరుదు. ఆమె కట్టినది సామాన్యమైన నూలుచీర. సామాన్యతను తెరపై చూపుట సులభమని తోచును గాని, అది ఎంతయు కష్టము. అంగడినుండి తెచ్చిన క్రొత్త చీర క్రొత్తగనే కనబడును. అది ఏండ్లతరబడి ఉతికి ఆరవేసిన చీరవలె కనబడుటకు పలుమార్లు ఉతికి, రంగు తగ్గించి, అంచులను నలుపవలెను. పాత్ర వయస్సు పెరిగినకొలది వస్త్రమునకును వయస్సు పెరుగవలెను. ప్రధాన పాత్రలకే కాదు, జనసమూహమునకును ఇట్లే చేయవలెను. మహాత్ముని అంతిమయాత్రా దృశ్యమున మూడు లక్షలకు పైగా జనులు పాల్గొనిరి.

1983 ఏప్రిల్ 11వ తేదీన అమెరికాలో ఆస్కార్ సభ జరిగెను. గాంధీ చిత్రమునకు ఎనిమిది పురస్కారములు వచ్చెను. వానిలో వస్త్రాలంకరణ పురస్కారమును భాను, జాన్ మొలో పంచుకొనిరి. అంతకు ముందు ఏ భారతీయునకును ఆస్కార్ రాలేదు. కొల్హాపురమున తండ్రి ప్రక్కన గీతలు నేర్చిన బాలిక ప్రపంచ వేదికపై నిలిచెను. తరువాత లేకిన్, లగాన్ చిత్రములకు ఆమె రెండుమార్లు జాతీయ పురస్కారములను పొందెను. నూరింటికి పైగా చిత్రములకు పని చేసి, 2010లో వస్త్రాలంకరణ కళను గూర్చిన తన అనుభవములను ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించెను. తాను గీసిన చిత్రములు, ఎంచిన గుడ్డలు, వానిని ధరించిన స్త్రీల ముచ్చటలు అందు పదిలమైనవి.

ఆమె జీవితములో అందరిని ఆలోచింపజేయు ఘట్టము మాత్రము 2012లో జరిగెను. వార్ధక్యమున అస్వస్థురాలైన భాను తన ఆస్కార్ ప్రతిమను అమెరికాలోని ఆ సంస్థకే తిరిగి అప్పగించెను. కోపముచేత కాదు, నిర్లక్ష్యముచేత కాదు. తన తరువాత ఈ దేశమున దానిని భద్రముగా కాపాడువారెవరను సందేహముచేత. 2004లో శాంతినికేతనమునుండి రవీంద్రనాథ ఠాకూరుని నోబెల్ పతకము దొంగిలింపబడిన ఉదంతమును ఆమె మరువలేదు. 2020 అక్టోబరు 15వ తేదీన భాను ముంబయిలో తన 91వ యేట మరణించెను. ఆమె సంపాదించిన కీర్తి మనది. ఆ కీర్తికి గురుతైన ప్రతిమ మాత్రము పరదేశమున నున్నది. ఇది ఆమె తప్పు కాదు.

తెలుగు దేశమున ఇట్టి స్మృతులను కాపాడుట ఎంత కష్టమో మహానటి చిత్రము తెలుపును. 1981లో మరణించిన మహానటి సావిత్రి జీవితమును నాగ్ అశ్విన్ 2018లో చిత్రముగా తీసెను. సావిత్రి నటించిన మాయాబజార్ 1957లో నలుపు తెలుపులలో వెలువడినది. ఆ శశిరేఖ పరికిణీ ఏ రంగుదో తెరను చూచి చెప్పుట ఎట్లు? పాత ఛాయాచిత్రములను, చిత్రములను పరిశీలించి, ఆ కాలపు నేతలను, అంచులను తెలిసికొని, సావిత్రి పాత్ర ధరించిన కీర్తి సురేష్ కొరకు చీరలను క్రొత్తగా నేయింపవలసి వచ్చెను. ఈ పనిలో పాలుపంచుకొనిన ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావు అను ముగ్గురికి 2019లో ప్రకటింపబడిన జాతీయ పురస్కారములలో వస్త్రాలంకరణ పురస్కారము లభించెను. వారిలో గౌరాంగ్ షా హైదరాబాదు వాసి. జాందానీ నేతను ఆదరించి ప్రచారము చేసినవాడు. జాందానీ అనగా పడుగు దారముల నడుమ పూవులను, లతలను చేతితోనే ఒక్కొక్క పోగుగా చొప్పించి నేయుట. మన ఉప్పాడ నేతగాండ్రు ఈ పనిలో ప్రసిద్ధులు. ఒక్క చీరకు నెలల కాలము పట్టుటయు కలదు.

ఇంతవరకు చెప్పినదానిలో ముగ్గురు స్త్రీపురుషులు కనబడుచున్నారు. వస్త్రమును ధరించిన నటి, దానిని రూపొందించిన కళాకారిణి, దానిని కుట్టిన కుట్టువాడు. వీరందరికి ముందు నిలుచువాడు నాలుగవవాడు ఒకడున్నాడు. అతడు నేతగాడు. నటి పేరు తెరపై పెద్ద అక్షరములలో పడును. కళాకారిణి పేరు చిన్న అక్షరములలో పడును. నేతగాని పేరు పడదు.

గంభీరావుపేట విద్యార్థులకు ఈ విషయము చెప్పనక్కరలేదు. ఆ మండలమందలి నర్మాల వద్ద ఎగువ మానేరు జలాశయము కలదు. అచటినుండి సాగిన మానేరు వాగు వెంట పోయినచో సిరిసిల్ల వచ్చును. సిరిసిల్ల పట్టణమున తెల్లవారుజాము మొదలుకొని మరమగ్గముల చప్పుడు వినబడును. ఆ ప్రాంతమువారు వానిని సాంచాలందురు. ఒకప్పుడు అచట చేతిమగ్గములే యుండెడివి. ఆ నేర్పు ఎంతటిదో నల్ల పరంధాములు లోకమునకు చూపెను. ఆయన అగ్గిపెట్టెలో ఇముడునంతటి పలుచని చీరను నేసెను. ఆయన కుమారుడు విజయ్ ఆ విద్యను నిలబెట్టెను. అదే పట్టణమునకు చెందిన యెల్ది హరిప్రసాద్ జి 20 దేశముల చిహ్నమును తన చేతులతో నేసి ప్రధానమంత్రికి పంపగా, 2022 నవంబరు 27వ తేదీన ఆయన తన రేడియో ప్రసంగమున దానిని ప్రశంసించెను.

ఈ ఖ్యాతికి వెనుక కన్నీరును కలదు. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో నేసిన గుడ్డ అమ్ముడుపోక, నూలు ధర పెరిగి, అప్పులు తీర్చలేక సిరిసిల్లలో నేతకార్మికులు పలువురు ప్రాణములు తీసికొనిరి. లోకమునకు గుడ్డ నిచ్చు ఇంటిలో అన్నము లేకపోవుటకంటె శోచనీయ మేమున్నది? 2017లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ పండుగకు పేద స్త్రీలకు పంచు చీరలను సిరిసిల్ల మగ్గములపై నేయింప మొదలిడెను. 2023 వరకు సాగిన ఆ పథకము క్రింద ఏటేట ఇంచుమించు కోటి చీరలు తయారయ్యెను. గోచి కట్టు వృద్ధస్త్రీల కొరకు పొడవైన చీరలును నేసిరి. ఆ కాలమున సాంచాలకు నెలల తరబడి పని దొరకెను. ఒక పథకము వచ్చినప్పుడు పని వచ్చుట, అది ఆగినప్పుడు పని తగ్గుట నేతవారి బ్రతుకునకు నిలుకడ కాదు. వారి నేర్పునకు అంగడిలో నిత్యము గిరాకి యుండవలెను.

భాను అథయ్యా ఒక్కొక్క నటికి ఒక్కొక్క వేషమును కూర్చెను. ఎవరి కొలతలు వారివి, ఎవరి కథ వారిది. సిరిసిల్ల నేతకార్మికుడు తాను ఎన్నడును చూడని కోటిమంది స్త్రీలకు వస్త్రము నేసెను. అతనికి ఎవరి కొలతయు తెలియనక్కరలేదు. చీర సన్నని పిల్లకును సరిపోవును, లావుపాటి అవ్వకును సరిపోవును. రాణికిని అదే, కూలికిని అదే. ప్రసిద్ధురాలైన స్త్రీ వస్త్రము పుస్తకములలో, తెరలపై నిలిచియుండును. పేరులేని స్త్రీ వస్త్రము ఆమె పెట్టె అడుగున కర్పూరపు వాసనతో మడతపడి యుండును. ఆమె పోయిన పిమ్మట బొంతగా మారి మనుమలను కప్పును.

భద్రపరుపని స్మృతి నశించును. అజంతా చిత్రములను ఎవరో కాపాడినందున ఆమ్రపాలికి వేషము దొరకెను. సావిత్రి ఛాయాచిత్రములను ఎవరో దాచినందున మహానటికి చీరలు దొరకెను. మన ఇండ్లలోని పాత చీరలకును చరిత్ర కలదు. ఆ చీర ఏ ఊరి మగ్గముపై నేయబడినది? దాని అంచును ఏమందురు? ఎవరు ఎవరికి పెట్టినది? ఈ ప్రశ్నలకు సమాధానములు చెప్పగల అమ్మమ్మలు, నాయనమ్మలు నేడు మన మధ్య ఉన్నారు. మగ్గముపై కూర్చుండి ఆసు, కండె, నాడె, అచ్చు అను మాటలకు అర్థమును చేతలతో చూపగల తాతలును ఉన్నారు. విద్యార్థులు వారిని అడిగి తెలిసికొని, వారి పేర్లతో సహా వ్రాసి ఉంచినచో, తెరపై పడని పేర్లు కనీసము కాగితముపై నైనను నిలుచును. తన ప్రతిమను కాపాడువారు ఇచట లేరని భాను అథయ్యా శంకించెను. ఆ శంక తప్పని చూపు బాధ్యత రాబోవు తరము వారిది.

ప్రశ్నలు

1. ఆహార్యమనగా నేమి? చిందు భాగవతమునుండి ఉదాహరణ మిచ్చి వివరింపుము.
2. నలుపు తెలుపు చిత్రములకు వస్త్రములు కూర్చుటలో గల కష్టమేమి?
3. వహీదా రెహమాన్ ఒప్పందపత్రమున వ్రాయించుకొనిన నియమము ఆమె స్వభావమును గూర్చి ఏమి తెలుపుచున్నది?
4. గాంధీ చిత్రమున "వస్త్రమే కథ" అనుటకు కారణమేమి?
5. భాను అథయ్యా ఆస్కార్ ప్రతిమను తిరిగి అప్పగించుట సమంజసమా? నీ అభిప్రాయమును కారణములతో వ్రాయుము.
6. మీ ఇంటిలోని ఒక పాత చీరను గూర్చి పెద్దలను అడిగి తెలిసికొని, పది వాక్యములలో వ్రాయుము.